ఆ వంటకం మా పెద్దమ్మది

మా పెద్దమ్మ పోయిన కబురు నాకు ఒకరోజు ఆలస్యంగా అందింది. మా సొంతూళ్ళో సెల్ పలకదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే తోటలు దాటి కొండ మీది బండ దాకా ఎక్కాలి. శనివారమంతా ఏకధారగా వాన. అందుకని మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, ఆదివారం పొద్దున్నే ఆ బండ ఎక్కి ఫోన్ చేసింది. నేను అరకులో మా ఇంట్లో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

"అమ్మ పోనాది. నిన్న మజ్జానమే. సాయంత్రానికి పూడ్సేసినాము" అంది. "నువ్వు బేగి రానక్కర్లేదు. నెమ్మదిగా రా."

ఆ చివరి మాటలో నిష్ఠూరం ఉందో, అలసటే ఉందో నాకు తెలీదు. నిష్ఠూరం ఉన్నా తప్పు పట్టను.

అనంతగిరి ఘాట్ రోడ్డు మీద, కాఫీ తోటల నడుమ ఒక గెస్ట్‌హౌస్ ఉంది. మీలో ఎవరైనా అక్కడ ఆదివారం ఆలస్యంగా లేచి, పదకొండింటికి వరండాలో శాలువా కప్పుకుని కూర్చుని, పైన ఎర్రగా పెళుసుగా, లోపల మెత్తగా ఉండే పఫ్‌ల క్యాసరోల్ తిని ఉంటే, అది మా పెద్దమ్మ చేసింది. లేదంటే ఆమె నేర్పగా నేను చేసింది. అక్కడి బోర్డు మీద వేరేలా రాసి ఉంటుంది. అడిగినవాళ్ళకి వేరేలా చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాను.

పెద్దమ్మ అంతకుముందు ఆ తోటలోనే కాఫీ పళ్ళు ఏరేది. గెస్ట్‌హౌస్ కట్టాక వంటకి పిలిచారు. ఇంటర్ అయి ఖాళీగా ఉన్న నన్ను, గిన్నెలు తోమడానికి ఒకరు కావాలంటే, తనే తీసుకెళ్ళింది. వంటింటి వెనక మట్టితో కట్టిన గుమ్మటంలాంటి బట్టీ ఒకటి ఉండేది. పిజ్జాల కోసమని యజమానురాలు కట్టించింది. వచ్చినవాళ్ళందరూ బొంగు చికెనే అడిగేవాళ్ళు కనుక ఆ బట్టీలో చాలాకాలం పిల్లి పడుకుంది. యజమానురాల్ని మేం మేడమ్ అనేవాళ్ళం. విశాఖ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. కసిరి మాట్లాడేది కాదు. పండగకి చీరలు పెట్టేది. ఇది కూడా చెప్పాలి.

ఒక వానాకాలం ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడింది. కూరగాయల బండి రాలేదు. శనివారం దిగిన అతిథులు వెళ్ళడానికి దారి లేక ముసుగుతన్ని పడుకున్నారు. పది దాటింది. వాళ్ళు లేచి వస్తే ఏం పెట్టాలని మేడమ్ వంటింట్లో అటూ ఇటూ తిరుగుతోంది. ఉన్నవల్లా గుడ్లు, పాలు, బేకరీ నుంచి ముందురోజు తెప్పించగా మిగిలి గట్టిపడిన ఒక ట్రే కూర పఫ్‌లు.

"పదకొండు దాకా పడుకున్నోల్లకి అంబలి పెడితే తాగుతారేటి?" అని పెద్దమ్మ నాకు మాత్రమే వినపడేలా అంది. మా ఊళ్ళో తెల్లారకుండానే చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి కొండకి పోతారు. పొద్దెక్కాక తీరిగ్గా కూర్చుని తినే తిండి ఆమెకి ఎప్పుడూ వింతగానే ఉండేది. "టిఫినా, బువ్వా?" అని అడిగేది. రెండూ కలిపి అని మేడమ్ చెబితే, "రెండూ ఒకపాలే అయిపోతే మళ్ళీ పడుకోవచ్చు" అని తల ఊపేది.

ఆ రోజు ఆమె పిల్లిని తోలేసి బట్టీ రాజేసింది. ట్రేకి వెన్న రాసింది. గట్టిపడిన పఫ్‌లని లోపలి బంగాళాదుంప కూరతో సహా ముక్కలుగా తుంపి పరిచింది. పెరట్లో వానకి లేచిన పుట్టగొడుగుల్ని ఉల్లిపాయతో వేయించి మధ్య పొరగా వేసింది. పైన మళ్ళీ పఫ్ ముక్కలు. గుడ్లు పాలల్లో గిలకొట్టి, ఉప్పూ, తోటలో కాసిన మిరియాలూ దంచి వేసి దాని మీద పోసింది. నేను ట్రే ఎత్తబోతే చెయ్యి పట్టుకుంది.

"ఒగ్గేయ్. దాన్ని తాగనీ. దాహం తీరనిదే నిప్పులో పెట్టకూడదు."

పాలన్నీ ముక్కల్లోకి ఇంకేదాకా మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. బట్టీ వేడి చూడడానికి ఆమెకో పద్ధతి ఉండేది. లోపల చెయ్యి పెట్టి మా ఊళ్ళో ఇళ్ళని వరసగా పేరు పేరునా అనుకునేది. ఏడో ఇంటికి చెయ్యి లాగేసుకోవలసి వస్తే వేడి సరిపోయినట్టు. మా ఇల్లు తొమ్మిదోది. మా ఇంటిదాకా రాగలిగితే ఇంకో కట్టె వెయ్యమనేది. నేను టైమ్ చూసి చేద్దామంటే, గడియారానికి చెయ్యి కాలదు కదా అనేది.

ఆ ట్రే బట్టీలోంచి తీసి వరండాలో పెట్టాం. అందరూ మళ్ళీ వేయించుకున్నారు. ఒకావిడ దీన్ని క్యాసరోల్ అంటారని చెప్పింది. పెద్దమ్మ లోపలికి వచ్చి నన్ను అడిగింది, క్యాసరోల్ అంటే చపాతీలు పెట్టే డబ్బా కాదా అని. మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆమె మాత్రం దాన్ని పొరల రొట్టె అనే పిలిచింది, చివరిదాకా.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే. వెనకటిలా మిగిలిపోయినవి కాక, దానికోసమనే ముందురోజు పఫ్‌లు తెప్పించి ఆరబెట్టేవాళ్ళం. గుమ్మడికాయ దొరికితే గుమ్మడి, లేకపోతే టమాటా. దానికోసమే విశాఖ నుంచి కార్లు వచ్చేవి. కొన్నాళ్ళకి మేడమ్ వరండాలో నల్ల బోర్డు పెట్టించి, సుద్దతో అందంగా రాయించింది. పెద్దమ్మకి చదువు రాదు. చేతులు తుడుచుకుంటూ దాని ముందు నిలబడి, ఏటి రాసినారు గుంటా అని అడిగింది.

బోర్డు మీద ఇలా ఉంది: మా అమ్మమ్మ చేతి ఆదివారం క్యాసరోల్.

నేను చదివి చెప్పింది: "ఆదివారం స్పెషల్ అని రాశారు."

ఆమె సంతోషించింది. స్పెషల్ అన్న మాట ఆమెకి తెలుసు. బస్సులవాళ్ళు అనగా విన్నది. నేను మేడమ్‌ని అడిగాను, ఇదేమిటని. అతిథులకి వంట వెనక ఒక కథ ఉంటే ఇష్టం, అందులో నష్టమేముంది అని మేడమ్ అంది. నాక్కూడా నష్టమేమీ కనిపించలేదు. ఎవరైనా అడిగితే అదే కథ చెప్పమంది. చెప్పాను. కొన్నాళ్ళకి అలవాటైపోయింది. మేడమ్ అమ్మమ్మ కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని మనవరాళ్ళకి ముక్కలు కోసి పెట్టేదని నేనే కొంత చేర్చాను కూడా.

బట్టీకి పొగగొట్టం లేదు. వానాకాలంలో కట్టెలు తడిసి పొగ గుమ్మటం నుంచి నేరుగా ముఖం మీదికి కొట్టేది. పెద్దమ్మకి దగ్గు మొదలైంది. పొగగొట్టం పెట్టించమని తనే రెండుసార్లు అడిగింది. గొట్టం పెడితే బట్టీ ఫొటోల్లో బాగుండదని, పొగ వాసనే ఆ వంటకి రుచి అని మేడమ్ వాయిదా వేస్తూ పోయింది. మూడోసారి అడగమని పెద్దమ్మ నన్ను పంపింది. నేను వెళ్ళాను. మేడమ్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాను. అడిగానని పెద్దమ్మకి చెప్పాను.

ఒక ఆదివారం, వంట చేసే ఆవిడ అలా దగ్గుతుంటే ఎలా తింటామని ఒక అతిథి అన్నాడు. ఆ మర్నాడే పెద్దమ్మని కాఫీ గింజలు ఎండబెట్టే కళ్ళంలోకి మార్చారు. వంట నన్ను చెయ్యమన్నారు. నేను ఒప్పుకున్నాను. నాకు టీచర్ ట్రైనింగ్ చదవాలని ఉండేది, వంటమనిషికి జీతం ఎక్కువ. ఇవి కారణాలు. చెప్పుకోవడానికి పనికొస్తాయి.

పొరల రొట్టె ఆమె నాకు మూడు ఆదివారాలు నేర్పింది. వంటింట్లోకి రావద్దన్నారు కనుక వెనక గుమ్మం అవతల నిలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేది. గుడ్లు తక్కువేయమనేది. వెన్న అంచులకి కూడా రాయమనేది. మధ్యలో చీపురుపుల్ల గుచ్చి చూడమనేది. మూడో ఆదివారం ట్రే చూసి, "ఇంక నా అవసరం లేదులే" అని కళ్ళంవైపు వెళ్ళిపోయింది.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం, నేను వరండాలో వడ్డిస్తున్నాను. ఒక కుటుంబం అడిగింది, ఈ వంటకం ఎవరిదని. నేను కథ ఎత్తుకున్నాను. మేడమ్ అమ్మమ్మ, కట్టెల పొయ్యి, మనవరాళ్ళు, అన్నీ చెప్పాను. చెప్పి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. చేతిలో మిరియాల సంచి. అయిపోయాయని ఎవరో చెబితే కోసి, ఎండబెట్టి తెచ్చిందట.

నేను లోపలికి వెళ్ళాను. ఆమె సంచి గట్టు మీద పెట్టింది.

"బాగా సెప్పినావు. నాను కూడా నమ్మేసినాను."

నేను సంచి ముడి విప్పడం మొదలుపెట్టాను.

"బోర్డు మీద కూడా అదే ఉందా?"

అవునన్నాను.

"మరి నాకేటని సదివినావు ఆ రోజు?"

ఆమె తిట్టలేదు. మిరియాలు ఇంకా పూర్తిగా ఎండలేదు, ఇంకో రోజు ఎండలో పెట్టు అని చెప్పి వెళ్ళిపోయింది. తర్వాత కళ్ళం పని కూడా మానేసింది. నేను ఆ ఉద్యోగంలో మరో రెండేళ్ళు ఉన్నాను. బోర్డు అలాగే ఉంది. కథ అలాగే చెప్పాను.

ట్రైనింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది. ఈ మధ్య పెద్దమ్మకి ఆయాసం బాగా ఎక్కువైందని అక్క చెప్పింది. ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ చూసి, ఇంట్లో ఎవరైనా బీడీలు తాగుతారా అని అడిగాడట. లేదు, ఆదివారం వంటలు చేసింది అని అక్క చెబితే ఆయనకి అర్థం కాలేదట.

పోయిన నెల నేను ఇంట్లో కరెంటు ఓవెన్‌లో పొరల రొట్టె చేసి, డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. ఆమె గోడకి ఆనుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. బాగా చిక్కిపోయింది. అన్నేళ్ళు చేసినా ఆమె దాన్ని కూర్చుని తినడం నేను ఎప్పుడూ చూడలేదు. ఉప్పు చూడడానికి చెంచాడు తీసుకోవడమే. పళ్ళెంలో పెట్టి చేతికిచ్చాను. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆమె చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"మీ మేడమ్ అమ్మమ్మ బాగా నేర్పింది" అంది.

పళ్ళెం పక్కన పెట్టేసింది. దారిలో కూడబెట్టుకున్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. వాన వచ్చేలా ఉందని లేచి వచ్చేశాను. ఆమెని చూడడం అదే ఆఖరు.

ఈ ఆదివారం కబురు విన్నాక జీపెక్కి బయల్దేరాను. మా ఊరికి కాలిబాట గెస్ట్‌హౌస్ పక్కనుంచే ఎక్కుతుంది. దిగేసరికి పదకొండు దాటింది. మేడమ్‌కి చెప్పాను. ఆమె నిజంగానే కళ్ళు తుడుచుకుంది. మంచి మనిషి అంది. బోర్డు మీద ఇప్పటికైనా పేరు మార్చమన్నాను.

"ఇప్పుడు మారిస్తే ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పారా అంటారు కదమ్మా" అంది. వరండాలో పెద్దమ్మ ఫొటో ఒకటి పెట్టిస్తానంది.

"ఫొటో కింద ఏం రాస్తారు?" అని అడిగాను. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది.

నేను వరండాలోకి వెళ్ళాను. నాలుగు బల్లల మీదా అదే వంటకం ఉంది. మీరు తింటున్నది మా పెద్దమ్మ కనిపెట్టిన వంట, ఆవిడ నిన్న చనిపోయింది అని చెప్పాను. అయ్యో అన్నారు. ఒకావిడ చెంచా కింద పెట్టింది. ఒకాయన బోర్డు వైపు చూసి, ఆ తర్వాత మేడమ్ కోసం చూశాడు. మేడమ్ ఫోన్ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపయ్యాక మళ్ళీ పళ్ళేల చప్పుడు మొదలైంది. వాళ్ళనేమీ అనను. వేడివేడిగా ఉంది, ఆకలితో ఉన్నారు.

నేను కొండెక్కాను. ఊరి చివర కొత్త మట్టి మీద రాళ్ళు పేర్చి ఉన్నాయి. వాన ఆగింది కానీ మంచు దిగుతోంది. అక్క ఇంటి వెనక కంచె మీద పెద్దమ్మ దుప్పటి ఆరేసి ఉంది. చలికాలం వస్తోంది, ఉతికి తాను కప్పుకుందామనుకుందట. పొద్దున్నుంచి రెండుసార్లు ఉతికింది. నేను అక్కడ ఉండగానే వచ్చి ఒక కొస ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నన్నూ చూడమంది. చూశాను. కట్టెల పొగ వాసన.

అక్క దుప్పటి కంచె మీంచి లాగి మళ్ళీ బకెట్లో పడేసి, సబ్బు కోసం ఇంట్లోకి వెళ్ళింది.