కబురు మోసిన మనిషి

మా బాపును శ్రీరాంపూర్ కాలనీలో కొందరు చాటుగా ప్రవక్త అనేవారు. అది గౌరవంతో అన్న మాట కాదు. ఆయనకు చావు ముందే తెలుస్తుందని, ఆయన గడప తొక్కిన ఇంట్లో పీనుగ లేస్తుందని వాళ్ల భయం.

బాపు బొగ్గుబాయిలో పని చేసేవాడు. నెమ్మదిగా మాట్లాడతాడని, బాయిలో ఎవరి ప్రాణమైనా పోతే ఇంటివాళ్లకు చెప్పి రమ్మని ఆయననే పంపేవారు. మొదటిసారి ఎవరు పంపారో తెలియదు. తర్వాత్తర్వాత అది ఆయన పనే అయిపోయింది. షిఫ్టు మధ్యలో సైకిల్ మీద ఆయన కనబడితే చాలు, నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి నిలబడేవారు. ఏ గల్లీలోకి తిరుగుతాడో చూసేవారు. పెండ్లిళ్లకు ఆయన్ని పిలవడం తగ్గింది. పిలిచినా బాపు పోయేవాడు కాదు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకమ్మాయి, "మీ బాపు ప్రవక్త అంట గదా, మా నాయినకు ఏమైతదో చెప్పుమను" అంది. ఏడుస్తూ ఇంటికొచ్చి పక్కింటి చాచాకు చెప్పాను. ఆయన బాపుతో కలిసి బాయిలో పని చేసి రిటైరైనవాడు.

"ఏడ్వకు బిడ్డా. గా పిల్లకు ఆ మాటకర్థం తెల్వది" అన్నాడు. "మేము ఉర్దూల పైగంబర్ అంటం. పైగాం అంటే కబురు. కబురు తెచ్చేటోడు, గంతే. పంపేటోడు వేరే ఉంటడు."

ఎం.ఏ. తెలుగులో చేరాక నేనూ వెతికాను. ప్రవక్త అంటే విప్పి చెప్పేవాడు. ఇంగ్లీషు ప్రాఫెట్‌కు మూలమైన గ్రీకు మాటకు మరొకరి తరఫున పలికేవాడని అర్థం. జరగబోయేది చెప్పడమన్నదే జనం నోట మిగిలింది. సెలవులకు వచ్చినప్పుడు ఇదంతా బాపుకు చెబుదామనుకున్నాను. వీలు కాలేదు.

అవ్వకు, అంటే మా అమ్మకు, ఒక్కడే తమ్ముడు. చెన్నూరు నుంచి వచ్చి అదే బాయిలో చేరాడు. మా ఇంట్లోనే తినేవాడు. ఆ సెలవుల్లోనే ఒక పొద్దున అవ్వ వాకిట్లో బియ్యం ఏరుతోంది. బాపు సైకిల్ నడిపించుకుంటూ మా గల్లీలోకి వచ్చాడు.

"అయ్యో, ఎవలింటికి పోతున్నవయ్యా?" అంది అవ్వ.

బాపు సైకిల్‌ను గోడకు ఆనించాడు. "మనింటికే వచ్చిన" అన్నాడు.

అవ్వకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత లేచి ఆయన ఛాతీ మీద రెండు చేతులా గుద్దింది. "నువ్వెందుకొచ్చినవ్? చెప్పెతందుకు ఇంకొకలు లేకుండెనా?"

ఇంకొకరిని పంపుతామనే అన్నారట. నేనే చెప్తానని బాపే పట్టుబట్టాడని చాచా తర్వాత చెప్పాడు. అది విన్నా, అవ్వ బాపుతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, పక్కకు పోయేది.

ఆ తర్వాత ఎవరు బతిమాలినా బాపు కబురు చెప్పడానికి పోలేదు. కొన్ని నెలలకు వెనక గల్లీలో ఒకాయన బాయిలోనే పోయాడు. చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. అంబులెన్సు నేరుగా ఆ ఇంటి వాకిట్లోకి వచ్చింది. ఆయన పిల్లలే పరుగెత్తుకెళ్లి దాని తలుపు తెరిచి చూశారు.

దినాలు అయిపోయాక ఆ ఇంటామె మా మెట్ల దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు బాపును చూస్తే తలుపేసుకున్న మనిషే.

"అన్నా, మా ఇంటికి ఎందుకు రాలే?" అంది. "నువ్వొస్తే పిల్లగాండ్లను లోపట కూసోబెట్టుకుందును గదనే."

"నాకు చాత కాలే చెల్లే" అన్నాడు బాపు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని మెట్టు మీద కూలబడింది. బాపు కొంచెం దూరంగా కూర్చున్నాడు. అవ్వ రెండు గ్లాసుల చాయ్ తెచ్చి వాళ్ల మధ్యన పెట్టి, తానూ అక్కడే నిలబడింది. చాయ్ మీద మీగడ కట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.