విత్తనాల కుండలో తెల్లపొడి

నా చిన్నప్పుడు చేలో విత్తనాలు చల్లిన రోజు మా ఇంట్లో పిల్లలకు పండగే. కుండలో మిగిలిన అలసందలను గుగ్గిళ్ళు చేసి ముందు మాకే పెట్టేవారు. విత్తనానికి దాచేది మేలైన గింజ, అది పిల్లల కడుపులోకే పోవాలని మా అవ్వ పట్టు.

సేత్తూరు అనే ఊరి పక్కన మా చేను. గింజకు పురుగు పట్టకుండా అవ్వ ఒక్కో దోసెడుకీ ఆముదం పట్టించి, నీడలో ఎండిన వేపాకు వేసి కుండకు ఎత్తేది. చేతులు పడిపోయే పని. ఒక ఏడు అవ్వ జ్వరంతో పడుకుంటే ఆ పని మా నాయన మీద పడింది. ఆయన రాజపాళయం వెళ్ళి ఏదో తెల్లపొడి కొనుక్కొచ్చి, కుండలో కలిపి మూత పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చల్లిన రోజు అవ్వ మిగిలిన గింజలను నీళ్ళలో పోసింది. నీళ్ళు తెల్లబడి ఘాటు వాసన కొట్టింది. అవ్వ గింజలను పళ్ళెంలోకి తీసి నాయన ముందు పెట్టింది. ఆకలి మీదున్న నేను చెయ్యి చాపితే ఛెళ్ళున కొట్టింది. అంతకుముందు నా మీద చెయ్యి ఎత్తని మనిషి.

"నువ్వు గదా కలిపినావు, మొదట నువ్వు తిను," అనింది నాయనతో.

"అమ్మా, అది విత్తనానికని వేసినాను. తినేదానికి కాదు."

"మిగిలిన విత్తనం ఈ ఇంట్లో ఎవరు తింటారో నీకు తెలీదా రా?"

ఆ గుగ్గిళ్ళు తిని పెరిగినవాడే నాయనా. పని తొందరలో ఆ మాటే మరిచిపోయాడు. లేచి, పళ్ళెమూ కుండా తీసుకెళ్ళి దూరంగా గొయ్యి తీసి పూడ్చేశాడు. మరుసటి ఏడు ఆముదం ఆయనే పట్టించాడు. అయినా నా కోపం పోలేదు. ఆయన చెడ్డవాడని కాదు, చెప్పలేదని.

ఇప్పుడు ఏ కొట్టుకెళ్ళినా, "పురుగు పట్టకుండా ఈ పప్పులో ఏం వేశారు?" అని అడుగుతాను. కొట్టువాళ్ళు విసుక్కుంటారు. సిగ్గుగా ఉంది, ఊరుకోమని మా పిల్లలు నా చెయ్యి లాగుతారు. నేను ఊరుకోను. సిగ్గుపడాల్సింది అడిగేవాళ్ళు కాదు.