చినమామయ్య విప్పని సాండ్‌విచ్ లేదు

మా చినమామయ్య ఏదీ విప్పకుండా తినరు. అరటిపండు ఎవరైనా విప్పుతారు, అందులో గొప్పేముంది? ఈయన సాండ్‌విచ్ విప్పుతారు, క్రీము బిస్కెట్టు విప్పుతారు, ఉడికించిన గుడ్డు విప్పి పచ్చసొనను వేరే కూర్చోబెడతారు. ఆయన పని గడియారాలు బాగుచేయడం. అయితే మాత్రం, ఆ పనిని షాపులో పెట్టి తాళం వేసి రావాలి కదా! ఈయన పట్టకారు, కంటికి బిగించుకునే భూతద్దం జేబులో వేసుకుని మరీ విందులకు వస్తారు.

ఆయన మా ఆయనకు సొంత బాబాయి. మాకు ఈ ఊరికి బదిలీ అయ్యేదాకా నేను ఆయన్ని ఫోటోల్లో తప్ప చూడలేదు. చూశాక ఫోటోలే నయమనిపించింది.

మొన్నామధ్య ఓ పెళ్ళి విందులో అందరూ తింటుంటే ఈయన బల్ల మీద తెల్ల రుమాలు పరిచి, కంటికి అద్దం పెట్టి, సాండ్‌విచ్‌ను పొరలుపొరలుగా విప్పి వరసగా పేర్చారు. వడ్డించే అబ్బాయి హడలిపోయి పరిగెత్తుకొచ్చాడు.

"సార్, పురుగేమైనా వచ్చిందా?"

"రాలేదు నాయనా. ఎవరెవరు వచ్చారో చూస్తున్నా. రొట్టెలు వచ్చాయి, చీజు వచ్చింది, కీరాలు సకుటుంబంగా వచ్చాయి."

తర్వాత అన్నీ మళ్ళీ బిగించారు. బిగించాక, ఎప్పటిలాగే, "అరెరె, ఒకటి మిగిలిపోయిందే!" అని గావుకేక పెట్టారు. హాలంతా ఇటే తిరిగి పగలబడి నవ్వింది. ఆయన ఆ మిగిలిన కీరా ముక్కను మా అమ్మాయి పిట్ట పక్కన పెట్టి, "దీన్ని కాస్త చూస్తూ ఉండు, పారిపోతుంది" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా చేతిగడియారం ఆగిపోయి చాన్నాళ్ళయినా ఆయనకు ఇవ్వకపోవడానికి కారణం ఇదే. సాండ్‌విచ్‌లోనే ఒకటి మిగిల్చే మనిషి గడియారంలో ఎన్ని మిగులుస్తారో!

పిట్టకు ఏడేళ్ళు. ఆటిజం ఉంది. టోస్టు, గుడ్డులో తెల్లసొన, ఆపిల్ ముక్కలు తినేది, అంతే. అవీ ఒకదానికొకటి తగలకూడదు. మెత్తగా ఏది నాలుకకు తగిలినా వాంతే. ఇలాంటి పిల్ల ఉన్న ఇంట్లో సలహాలకు కరువుండదు. "రెండు పూటలు మాడ్చు, అదే తింటుంది" అంది పక్కింటావిడ. "ముందు మిమ్మల్ని మాడ్చి చూద్దామా పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

మా ఆయన అంతకంటే తెలివైనవారు. ఈ ఊరు రాకముందే ఓ రోజు క్యారెట్ ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, టోస్టు మీద వెన్న కింద దాచారు. పిట్ట ఒక్కసారి కొరికి, ఆయన వంక చూసింది. అంతే, ఉన్న టోస్టు కూడా పోయింది! ఆ రోజునుంచి ఏది పెట్టినా చీల్చి, లోపల ఏముందో చూడటం మొదలుపెట్టింది. నారింజరంగుది ఏది కనిపించినా గది వదిలి పోయేది. బరువు తగ్గింది. డాక్టరు బరువు చూసే యంత్రం ఎక్కమన్నప్పుడల్లా నా ప్రాణాలు నా దగ్గర ఉండేవి కావు.

"దాచకండి, బలవంతం చెయ్యకండి" అని చెప్పింది పిల్లల ఆహారం చూసే ఆవిడ. "కనబడేలా పెట్టండి. ముట్టుకున్నా, వాసన చూసినా, తినడానికి దగ్గరపడుతున్నట్టే. ఓపిక పట్టండి."

ఆ సరుకు మా ఇంట్లో ఎప్పుడో అయిపోయిందండీ, అన్నాను.

చినమామయ్య మాత్రం ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి, విప్పి, బిగించి, ఒకటి మిగిల్చేవారు. మిగిలిన ముక్కను చెవి దగ్గర పెట్టుకుని, "నడవట్లేదే" అని, టక్కున విరిచి, "ఆఁ, ఇప్పుడు నడుస్తోంది" అనేవారు. పిట్ట మొదట చూసింది. కొన్నాళ్ళకు వేలితో తోసింది. తర్వాత తనూ చెవి దగ్గర పెట్టుకుంది. ఓ రోజు కీరా ముక్కను కరకరా కొరికేసింది. ఆ గొప్పంతా నేను కీరాకే కట్టబెట్టాను.

ఓ ఆదివారం ఆయన ఫోను మా ఇంట్లో మరిచిపోయి వెళ్ళారు. మర్నాడు మధ్యాహ్నం అది ఇచ్చొద్దామని పిట్టను తీసుకుని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. లోపల టీవీ ముందు చినమామయ్య! ఒళ్ళో పెద్ద గిన్నె. అందులో రొట్టె, బంగాళాదుంప, బఠాణీలు, గుడ్డు, సాసు, అన్నీ ఒక్కటిగా పిసికేసి, కళ్ళు మూసుకుని లాగించేస్తున్నారు. పట్టకారు లేదు, అద్దం లేదు.

నేను నోరు తెరిచాను. క్యారెట్ తరుగుతున్న చినత్తయ్య నవ్వింది.

"పెళ్ళైన నాటినుంచీ ఇంతేనమ్మా. విడివిడిగా పెడితే అలుగుతారు."

"మరి ఆ విప్పడం?"

"మీరు రాకముందు మీ ఆయన ఫోన్ చేసి ఏడ్చాడు. పిల్ల అన్నీ చీల్చి చూస్తోంది, నలుగురిలోకి వెళ్తే అందరూ దాన్నే వింతగా చూస్తున్నారు బాబాయ్, అని. 'ఓస్, అంతేనా! దాని పక్కన నాలాంటి పెద్ద వింత కూర్చుంటే దాన్నెవడు చూస్తాడు?' అని ఈయన తిండికోసమని వేరే పట్టకారు కొన్నారు."

"మరి ప్రతిసారీ ఒకటి మిగలడం?"

"షాపులో ఇన్నేళ్ళలో ఒక్క మర మిగిలిన పాపాన పోలేదు."

"నువ్వుండవే!" అన్నారు చినమామయ్య, నిండా ముద్ద ఉన్న నోటితో.

నాకు ఏడుపొచ్చింది. సావకాశంగా ఏడుద్దామనుకునేలోగా పిట్ట గిన్నెలోకి తొంగిచూసి, దొంగను పట్టిన పోలీసులా నిలబడింది.

"తాతా! తప్పు."

ఆయన జేబులోంచి తనే రుమాలు లాగి బల్ల మీద పరిచింది. "బఠాణీ" అంది. పాపం, ఆయన పట్టకారు తెచ్చుకుని ఒక్కొక్క బఠాణీనీ ఏరారు. "దుంప" అంది. ఏరారు. తీరా అంతా అయ్యాక, చినత్తయ్య తరుగుతుంటే జారిపడ్డ క్యారెట్ ముక్క ఒకటి బల్ల మీద విడిగా కనబడింది.

"ఒకటి మిగిలింది" అంది పిట్ట.

చినత్తయ్య తరగడం ఆపేసింది. అది ముక్కను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. విరిచింది. కొరికింది. నమిలింది.

"నడుస్తోంది" అని చెప్పి, ఇంకోటి కావాలని చెయ్యి చాపింది.

వచ్చేటప్పుడు నా చేతిగడియారం తీసి చినమామయ్య చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూడనైనా చూడలేదు. వెనక్కి తిరిగి, బల్ల మీద చల్లారిపోయి వరసగా పేర్చి ఉన్న తన భోజనం వంక దిగులుగా చూసి, నా చెవిలో గొణిగారు.

"అమ్మాయ్, ఈసారి వచ్చేముందు ఒక్క ఫోన్ కొట్టమ్మా."