తల్లికి తాగించిన మందు

తల్లి మింగిన మందు పాలలోంచి బిడ్డకు చేరుతుందని ఈ ఫిజీ దీవుల్లో మొట్టమొదట కనిపెట్టినవాణ్ణి నేనే. దొర డాక్టరుకైనా అప్పటికి ఆ సంగతి తట్టలేదు.

సరే, దొరకు తెలిసే ఉంటుంది. వారానికోసారి గుర్రమెక్కి వచ్చి, నాలుకలు చూసి పోయే ఆయన నాతో ఏనాడూ మాట్లాడలేదు. గిర్మిట్ అనే ఐదేళ్ల కూలి ఒప్పందం రోజుల్లో మా చెరకు ఎస్టేటు ఆసుపత్రి అంటే ఒక రేకుల కొట్టం, ఒక కాంపౌండరు, ఆయన శిష్యుణ్ణి నేను. పొద్దున్నే సీసాలు కడిగేవాణ్ణి, కట్లు మార్చేవాణ్ణి, పని ఎగ్గొట్టడానికి జబ్బు నటించేవాళ్లకు ఆముదం పట్టేవాణ్ణి. మధ్యాహ్నం పాఠం.

మందు నొప్పిని వెతుక్కుంటూ పోదనీ, కడుపులోంచి నెత్తుట్లో కలిసి ఒళ్లంతా తిరుగుతుందనీ కాంపౌండరు చెప్పేవాడు. తలనొప్పికి మింగినదానికి కాళ్లలో ఏం పని అని నాకు అనుమానం. తోటమాలి ఫిజీ ముసలాయన ఓ చిప్పెడు యంగోనా వేరు నీళ్లు తాగించాక ఆ అనుమానం తీరింది. ముందు పెదవులు మొద్దుబారాయి, తరవాత కాళ్లు నా మాట వినడం మానేశాయి.

ఆ జ్ఞానం తలకెక్కి ఉన్న రోజుల్లోనే కూలీలు కాపురముండే లైన్ల నుంచి ఒకావిడ వచ్చింది. విశాఖ వైపు మనిషి. ఒళ్లో చంటివాడు, విరేచనాలతో వడలిపోయి ఉన్నాడు. ఆవిడకు వాడొక్కడే. కాంపౌండరు నల్లమందు కలిపిన సీసా నా చేతికిచ్చి, బిడ్డకు నీళ్లలో ఒక్క చుక్క వెయ్యమని చెప్పి, కూలీల మీద మేస్త్రీ అయిన సర్దారు పిలిస్తే వెళ్లాడు.

చంటిబిడ్డకు జబ్బు చేస్తే మన ఇళ్లలో పథ్యం తల్లికి, మందూ తల్లికే. దానికి నా కొత్త చదువు తోడైంది. ఒళ్లంతా తిరిగేది పాలలోకి మాత్రం రాదా? ఆవిడకే చెంచా నిండా పోసి ఇచ్చాను.

పాలు తాగి బిడ్డ నిద్రపోయాడు. పొద్దు వాలినా లేవలేదు. ముక్కు దగ్గర వేలు పెడితే, తగిలే ఊపిరి నాదో వాడిదో తెలియలేదు. కాంపౌండరు తిరిగొచ్చి, నేను చేసింది విని, పసివాడి అరికాళ్ల మీద కొట్టి లేపమన్నాడు. కొట్టాను. వాడు ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చాడు. మర్నాటికి విరేచనాలు కట్టాయి. కాంపౌండరు నా చెవి మెలిపెట్టాడు. దాన్నే పట్టాగా తీసుకున్నాను.

ఆ బిడ్డ ఇప్పుడు వునిమోలిలో చెరకు రైతు. మొన్న వాళ్లింటి వరండాలో నలుగురి ముందూ ఈ కథంతా చెప్పాను. వాళ్లమ్మ, ఆ ముసలావిడ, చివరిదాకా విని నోరు విప్పింది.

"ఏటి తమ్ముడూ ఆ కోతలు. నాను ఆ మందు తాగితే కదా. ఇసంలాగ సేదు. నువ్వు సీసాకి బిరడా బిగించుకుంటంటే కొంగులో ఉమ్మేసినాను. గుంటడు రేత్రుళ్లు ఏడిసేడిసి అలిసిపోయి తొంగున్నాడు. నిద్దరోతున్నోణ్ణి కొట్టి లేపింది నువ్వే."