పసుపు పురుగుకి పెదనాన్న చేసిన సేవ

మా పెద్దమ్మ దర్జీ. కుట్టుమిషను పక్కనే బల్ల మీద ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో వంగాకులు, ఆకుల మీద వేలంత లావు గొంగళిపురుగులు. తోక దగ్గర కొమ్ము, ఒంటినిండా ఏటవాలు నీలం చారలు. రెక్కలొస్తే పెద్ద చిమ్మటలవుతాయి. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చినవాటిలో అన్నీ ఆకుపచ్చగా ఉండి, ఏ ఒక్కటో పసుపుగా ఎందుకు ఉంటుందన్నది ఆవిడ సందేహం. దారం రీళ్ళు పురుగు పక్కన పెట్టి, రంగు సరిపోయిన దారం ముక్క డబ్బాకు కట్టేది. ఆ సందేహం పుణ్యమా అని కుండీల్లో అన్ని వంగమొక్కలున్నా మేం ఒక్క కాయ ఎరగం.

నేను వాళ్ళింట్లో ఉండి చదువుకునేదాన్ని. గడియారాలు బాగుచేసే మా పెదనాన్న, వచ్చినవాళ్ళందరికీ ఆ డబ్బాలు చూపించి "మా ఆవిడ సంతానం" అనేవాడు.

పసుపువి ఎప్పుడు దొరికినా ఈగలు వాటిమీద గుడ్లు పెట్టేవి, ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వాటిని తినేసేవి. ఆ ఏడు ఒక్కటి దక్కింది. అది చిమ్మటయితే జతకట్టించి, దాని పిల్లలు ఏ రంగులో పుడతాయో చూడాలని పెద్దమ్మ ఆశ. సరిగ్గా అప్పుడే ఆవిడకు కడుపులో రాళ్ళని ఆపరేషన్ పడింది. ఆకు మార్చడం పెదనాన్నకు నేర్పి వెళ్ళింది. పురుగు తిండి మానెయ్యగానే డబ్బాలో మట్టి పొయ్యాలని మాత్రం చెప్పలేదు. అప్పటికి వచ్చేస్తాననుకుంది.

ఆయన ముక్కుకి రుమాలు కట్టుకుని, గడియారాల పట్టకారుతో లేతాకులు ఏరి మరీ పెట్టాడు. నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. ఒకరోజు చూస్తే పురుగు మట్టిరంగుకొచ్చి, ముడుచుకుపోయి, కదలకుండా పడుంది. ఆయనకి అన్నం సయించలేదు. పారెయ్యడానికి చేతులు రాక, కుండీలో గుంట తీసి పడుకోబెట్టి, పైన వదులుగా మట్టి చల్లాడు.

పెద్దమ్మ ఇంటికొచ్చి మంచం మీద వాలకముందే ఆ సంగతి చెప్పేశాడు. ఆవిడ కుట్లు పట్టుకుని నవ్వింది.

"చావలేదండీ. చిమ్మటగా మారడానికి మట్టిలోకి దిగేముందు అది అలాగే అవుతుంది. మీరే దిగబెట్టారు."

దాంతో ఆయనకి కొత్త బెంగ పట్టుకుంది. బతికున్నదాన్ని పూడ్చానే, ఊపిరాడుతుందా అని రోజూ అడిగేవాడు. తవ్వి చూస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

కొన్ని వారాలకు మట్టి కదిలి, చిమ్మట బయటికొచ్చి మొక్క కాడ ఎక్కింది. రెక్కలు ఆరాయి. పెద్దమ్మ జతకట్టించే వల పెట్టె తెచ్చి పట్టమంది. ఆయన చిమ్మటని చేతిమీదకి ఎక్కించుకున్నాడు గానీ పెట్టెలో వెయ్యలేదు.

"దానిమీద మళ్ళీ మూత పెట్టడం నావల్ల కాదే."

పెద్దమ్మ మొహం చూస్తే నాకు జాలేసింది. చివరికి తనే లేచి కిటికీ తీసింది.

మర్నాడు పెదనాన్న వంగనారు తెచ్చి, ఇంకో పసుపుది దొరికేదాకా డబ్బాలు కడిగే పని తనదేనన్నాడు.