రామక్క చేతి మీద నేను చెప్పిన కథ

రామక్క గురించి రాయడానికి మా ఊళ్ళో నాకంటే తగని మనిషి లేడు. అయినా నేనే రాయాలి. ఆమె కొంప ముంచింది నేనే కాబట్టి.

రామక్క మంత్రసాని. చర్ల వైపు అడవి పల్లెలో పుట్టి, పెళ్ళయి చండ్రుగొండ దగ్గరి మా ఊరికి వచ్చింది. మొగుడు జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఎడమ చేతికి మణికట్టు నుంచి వేళ్ళ దాకా బొల్లి. ఎవరైనా ఆ చేతికేసి కాస్త ఎక్కువసేపు చూశారో, అయిపోయినట్టే. "ఏంది చూస్తున్నవ్? ఈ చెయ్యే నిన్ను బయటికి గుంజింది" అని మొహం మీదే అనేది. నన్నూ ఆ చెయ్యే గుంజింది.

బిడ్డ పుట్టగానే ఆ ఎడమ అరచెయ్యి నడినెత్తి మీద ఆనించి, ఏడిచేదాకా తీసేది కాదట. "ఏడువ్ బిడ్డా, ఏడువ్. ఇంక నీకేం పనున్నది?" అని పరాచికాలాడుతూ కూర్చునేదట. పిలుపొస్తే తింటున్న అన్నం ముందు నుంచి లేచి వెళ్ళేది. వానా, వాగూ ఏదీ చూసేది కాదు.

ఇక నా సంగతి. నా పేరు సాంబమూర్తి. కోస్తా నుంచి వచ్చిన వెంకటప్పయ్య గారి డేరా టాకీసులో పనిచేసేవాణ్ణి. ఇంగ్లీషు పిక్చర్ వచ్చినప్పుడు తెర పక్కన మైకు పట్టుకుని తెలుగులో కథ చెప్పడం నా పని. నాకు ఇంగ్లీషు వచ్చా అంటే, ఏబీసీడీలు వచ్చు! బొమ్మ చూసి నోటికొచ్చింది వాగేవాణ్ణి. తెర మీది దొరకు మన పట్వారీ పేరు పెడితే డేరా అంతా ఈలలే ఈలలు. దాంతో నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

డెబ్భై ఎనిమిది కార్తీకమాసంలో కొత్తగూడెం బస్సులో రావలసిన తెలుగు పిక్చర్ రాలేదు. దాని బదులు ఇంకో రీళ్ళ పెట్టె దిగింది. విప్పి చూస్తే ఇంగ్లండు వాళ్ళు తీసిన పాత నలుపు తెలుపు బొమ్మ. ఆకాశం నుంచి ఏదో వచ్చి ఒక ఊరి చెరువులో పడుతుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళు తెల్లారేసరికి కళ్ళు తెరుచుకునే కొయ్యబారిపోతారు. ఒక నడివయసు దొరసాని ఇంటింటికీ తిరుగుతుంది. ఎడమ చేతి తొడుగు తీసి వాళ్ళ నుదుటి మీద చెయ్యి పెడుతుంది. తొడుగు కింద ఆ చెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

అది చూడగానే నాకు హుషారొచ్చింది. ఛీ, నా నోరు పడిపోను! "అమ్మలారా, అయ్యలారా! రోగం తెచ్చింది ఈమే! ఆ తెల్ల చెయ్యి తగిలిందా, ఇక అంతే సంగతులు! ఎక్కడో చూసినట్టు లేదూ? మన రామక్క చెయ్యే గదా!" అన్నాను. డేరా ఎగిరిపోయేంత నవ్వు. ముందు వరసలో ఆడవాళ్ళ మధ్య రామక్క కూడా కూర్చుని ఉంది. "నీ నోట్ల మన్ను వడ!" అని అరిచి తనూ నవ్వింది.

తీరా చూస్తే పెట్టెలో ఆఖరి రీలు లేదు. తెర తెల్లబడేసరికి జనం గోల మొదలుపెట్టారు. వెంకటప్పయ్య గారు పరిగెత్తుకొచ్చి, "ఒరేయ్, ఏదో ఒకటి చెప్పి ముగించరా, కుర్చీలు విరగ్గొడతారు" అన్నారు. నేను ముగించాను. ఊరంతా ఒక్కటై ఆమెను పొలిమేర దాటించారని, మర్నాడు పొద్దున్నే కొయ్యబారినవాళ్ళంతా లేచి కూర్చున్నారని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

పది రోజుల్లో ఊళ్ళో పిల్లలకు జ్వరాలు వచ్చాయి. ఇద్దరు పోయారు. ఒకడు నాకు బావ వరసయ్యే జంపయ్య కొడుకు. ఇద్దరికీ పురుడు పోసింది రామక్కే. ఊళ్ళో ఎవరికి పోయలేదు గనక! కానీ జనం చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. చెయ్యి తగిలిందట, చెయ్యి తగిలిందట అని. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు తీసుకుపోయారు. నెలలు నిండిన వాళ్ళు ఆమెను పిలవడం మానేశారు. ఒక సాయంత్రం ఎవరో ఆమె గుడిసె మీద రాయి వేశారు. ఆమె మూటా ముల్లే కట్టుకుని వాగు అవతల పోడు చేను పక్కకు పోయింది. అచ్చం నేను చెప్పినట్టే పొలిమేర దాటించారు.

ఈలోగా నేను ఆ పెట్టె వాపసు ఇవ్వడానికి కొత్తగూడెం వెళ్ళాను. సినిమా పెట్టెలు అద్దెకిచ్చే చోటి గుమాస్తా నా కథ విని పడీపడీ నవ్వాడు. "ఓరి నీ తెలివి పాడుగాను! ఆమె డాక్టరమ్మయ్యా. ఊరిని బతికించేది ఆమే. ఆఖరికి ఆ రోగం తనకే అంటుకుని పోతది" అన్నాడు.

ఇంటికొచ్చి నా భార్య లాలికి ఒక్కదానికే చెప్పాను. అప్పుడామెకు అయిదో నెల. "గదే మైకు పట్టుకొని అబద్ధమని చెప్పరాదయ్యా" అంది.

"సరే, చెప్త" అన్నాను.

చెప్పలేదు. పిల్లలు పోయినవాళ్ళు నన్ను తంతారని భయం. అంతకంటే సిగ్గు పడాల్సింది ఇంకొకటుంది. నాకు ఇంగ్లీషు రాదని తేలితే నా మైకు పోతుందని భయం. ఎన్ని రోజులు డేరాలో నిలబడ్డానో, అన్ని రోజులూ రేపు చెబుదామనే అనుకున్నాను.

ఫాల్గుణంలో లాలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. దవాఖానాకు పోదామంటే మధ్యాహ్నం బస్సు లేదు. రామక్క పేరెత్తితే మెటికలు విరిచే మా అత్త గంగక్క తనే నా భుజం పట్టుకుని ఊపింది. "జల్దీ పో అల్లుడా! ఆమెనే తోల్కరా! నా బిడ్డ దక్కాలె!" అంది.

వాగు దాటి పరిగెత్తాను. రామక్క చాప మీద ఇప్పపూలు ఆరబోస్తోంది. నన్ను చూసి, "ఏందిరా సాంబా, సినిమా మళ్ళ వచ్చిందా?" అంది. నా మొహం చూసి ఆమెకే అర్థమైంది. చేతులు కడుక్కుని నాకంటే ముందు వాగులో దిగింది.

పొద్దు వాలేదాకా లోపల ఆమె గొంతు వినబడుతూనే ఉంది. తర్వాత బిడ్డ ఏడుపు. ఆడపిల్ల. తల్లీ పిల్లా దక్కారు. అప్పుడైనా ఆమె కాళ్ళ మీద పడి చెప్పాల్సింది. కల్లు ముంత తెచ్చి ఇచ్చి ఊరుకున్నాను.

మా వైపు ఇరవై ఒకటో రోజున, ఉయ్యాలలో వేసే ముందు, బిడ్డను మొదట మంత్రసాని ఒళ్ళో పెడతారు. ఆమె దీవించాకే పదిమందీ భోజనానికి లేస్తారు. రామక్క ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. వాకిట్లో పీట మీద కూర్చుని ఒడి సవరించుకుంది.

జంపయ్య లేచి నిలబడ్డాడు. "ఆమె ముట్టుకుంటే మేం ఈ ఇంట్ల మెతుకు ముట్టం" అన్నాడు. మా అత్త గబుక్కున బిడ్డను లోపలికి తీసుకుపోయింది. రామక్క నా వైపు చూసింది. డేరాలో నాలుగొందల మందికి వినిపించే గొంతు నాది. నేను విస్తళ్ళు సర్దుతూ ఉండిపోయాను.

"పిల్లకు పాలియ్యిండ్రి. ఆకలేడుపు అది" అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

లాలి బయటికొచ్చి ఖాళీ పీట చూసింది. అందరి ముందూ నన్ను పట్టుకుంది. "ఇప్పుడన్న చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది. అప్పుడు చెప్పాను. నాకు ఇంగ్లీషు రాదని, ఆ కథంతా కల్పించానని, ఆ దొరసాని ఊరిని బతికించిందని చెప్పాను. మొత్తం కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు.

ఎవరూ నన్ను కొట్టలేదు. జంపయ్య నా దగ్గరికొచ్చి, "మరి నా పిల్లగాడు ఎట్ల పోయిండు?" అని అడిగాడు.

"జ్వరంతోనే పోయిండు, బావా. ఊళ్ళె అందరికీ వచ్చిన జ్వరమే."

అతను ఆ పీట మీదే కూలబడ్డాడు. "ఆమె గుడిసె మీద రాయేసింది నేనే కదరా" అని తల కొట్టుకున్నాడు.

రామక్క వాగు వైపు కాక బస్సు వైపు పోయిందని ఎవరో అంటే, ఇద్దరం బస్సు ఆగే చోటికి పరిగెత్తాం. ఆమె ఎక్కిన భద్రాచలం బస్సు అప్పుడే పోయిందన్నారు. మర్నాడు చర్ల వెళ్ళాం. ఆమె పుట్టిన పల్లెకు పోయి అడిగితే, పొద్దున్నే వచ్చి, ఒక పూట ఉండి, గోదావరి అవతలికి కూలికి పోయిందన్నారు. ఎవరితో పోయిందో వాళ్ళకు తెలియదు. రేవు దగ్గర జంపయ్య నన్ను ఒక్కటే అడిగాడు. "నాలుగు నెలల్ల ఒక్క రోజన్న నీకు నోరు రాలేదారా?" అన్నాడు.