టేపు చుట్టిన ఎర్ర వైరు

మొన్న ఆదివారం మా బిడ్డ నన్ను గాంధీచౌక్ దగ్గరి ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెంట తీసుకుపోయింది. వాళ్ల ఇంట్లో కొత్తగా గోడంత టీవీ పెట్టించారు, హెచ్‌డీ కనెక్షన్ తెప్పించారు, టీవీ కింద పెట్టే పొడుగాటి సౌండ్ బార్ కూడా వచ్చింది. రెండింటినీ కలిపే వైరు ఒక్కటే తక్కువైంది. ముప్పై ఏళ్లు బోధన్‌లో టీవీలు బాగుచేసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని వైరు ఇంకొకరిని అడిగి కొనడం ఏమిటని నేనూ ధీమాగా బయలుదేరాను గానీ, అక్కడ గోడ నిండా వేలాడుతున్న వైర్లను చూసేసరికి పరీక్షలో మొదటి ప్రశ్నే తెలియని పిల్లవాడిలా నిలబడిపోయాను. ఆప్టికలా, హెచ్‌డీఎంఐయా అని దుకాణం అమ్మాయి అడుగుతోంది. నా కళ్లేమో మూలకు దుమ్ము పట్టి వేలాడుతున్న ఒక పాత కట్ట మీద ఉన్నాయి. పసుపు, తెలుపు, ఎరుపు, మూడు రంగుల వైర్లు.

"ఇంక గవి ఎవరు కొంటరు డాడీ" అని నవ్వింది మా బిడ్డ.

మన వయసు వాళ్లకు ఆ మూడు రంగుల సంగతి చెప్పనక్కర్లేదు. పసుపుది బొమ్మకు, తెల్లది ఎడమ పక్క శబ్దానికి, ఎర్రది కుడి పక్క శబ్దానికి. ఆ కట్టలోని ఎర్ర వైరును రెండు వేళ్లతో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. మా బిడ్డ వైరు కొనేసి వచ్చి భుజం తట్టింది. ఎందుకలా ఉన్నావని అడిగింది గానీ, దుకాణంలో నిలబడి చెప్పే కథ కాదది.

బోధన్‌లో నా దుకాణం ఉన్న రోజుల్లో, చెరుకు సీజన్ వచ్చిందంటే రోడ్డంతా బండ్లూ ట్రాక్టర్లూ బారులు తీరేవి, చక్కెర ఫ్యాక్టరీ నుంచి ఊరంతా చెరుకు మడ్డి వాసన కమ్ముకునేది. ఫ్యాక్టరీ దగ్గర వంతు కోసం ఆగిన రైతులు ఊరికే కూర్చోలేక నా దుకాణం ముందుకొచ్చి, తమ ఇంటి టీవీల రోగాలన్నీ వర్ణించి చెప్పేవాళ్లు. మేడల మీదికెక్కి గొడుగు బోర్లించినట్టుండే డిష్‌లు బిగించడం, ఆకాశం వైపు చూస్తూ వాటిని అటూ ఇటూ తిప్పడం, కింద టీవీ ముందు కూర్చున్నవాళ్లు వచ్చింది, పోయింది అని అరవడం, అదే నా బతుకుతెరువు. చేతిపని అంతా మా ఉస్తాద్ నేర్పిందే. ఆయన నేర్పిన అలవాట్లలో ఒకటి ఈ ఎర్ర వైరుది. అప్పటి డబ్బా టీవీలకు శబ్దం కోసం ఒక్కటే రంధ్రం ఉండేది, డిష్ పెట్టెకేమో రెండు ఉండేవి. ఒక్క స్పీకరున్న టీవీకి రెండు వైర్లెందుకని, తెల్లదాన్ని గుచ్చి, ఎర్రదాని కొసకు నల్ల టేపు చుట్టి వెనక వదిలేసేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లలో నేనలా వదిలేసిన ఎర్ర వైర్లు ఎన్నో లెక్కే లేదు. అందరికీ మాట వినబడేది, పాట వినబడేది, ఎవరూ ఏమీ అనలేదు. మా ఇంట్లోనూ అలాగే వదిలేశాను.

మా బాపుది ఎడపల్లిలో చెరుకు వ్యవసాయం. మా అమ్మ పోయాక భూమి కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేశాడు గానీ, శనివారం వస్తే మాత్రం పొద్దు వాలకముందే ఆటో ఎక్కి ఎడపల్లి హనుమాండ్ల గుడికి పోవాల్సిందే. అక్కడి భజన మండలికి మా మేనమామ పెద్ద. మామ ముందు పాడితే బాపు తాళాలు పట్టుకుని వంత పాడేవాడు. జీవితంలో ఒక్కసారి కూడా బాపు ముందు పాడలేదు. మంచి గొంతుండీ ఎందుకు పాడవని చిన్నప్పుడొకసారి అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది: "ముందు పాడెటోనికి గొంతుంటె సాలు బిడ్డా, వంత పాడెటోనికి చెవులుండాలె."

ఆ రోజుల్లో సాయంత్రం ఆరు గంటలకు ఒక భక్తి ఛానెల్‌లో పల్లెటూళ్ల భజనలు చూపించేవాళ్లు. బాపు స్నానం చేసి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఒకరోజు నేను దుకాణం నుంచి వచ్చీ రాగానే, ఈ పాటల వంత వస్తలేదేందిరా అని అడిగాడు. నేను ఒక్క క్షణం చెవి పెట్టాను. హార్మోనియం వస్తోంది, డోలక్ వస్తోంది, ఎవరో చక్కగా పాడుతున్నారు. వస్తోంది కదా బాపూ అన్నాను. రెండు రోజులాగి మళ్లీ అడిగాడు. గోడవతల ఎక్కడో సన్నగా ఏదో వినబడ్డట్టుంది గానీ వంత లేదు, ముందు పాడెటోడు పాడి ఆగుతున్నడు, అందుకునెటోడే లేడు అన్నాడు. మూడోసారి అడిగినప్పుడు, ఆ వేళ దుకాణంలో ఏ చిరాకు పడి వచ్చానో, "నీకు చెవులు మందగించినయ్ బాపూ, టీవీకేం కాలే" అనేశాను. ఊళ్లో టీవీలన్నీ చూసేవాణ్ణి, మా ఇంటి టీవీ సంగతి నాకు తెలియదా అని నా ధీమా. దీపం కింద చీకటి అంటారే, అది మా ఇంట్లోనే ఉందని నాకు తట్టలేదు. బాపు మళ్లీ అడగలేదు.

ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో బాపు చెవిటివాడైపోయాడు. నా భార్య అన్నం తినమని గొంతెత్తి పిలిచేది, పిల్లలు చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాళ్లు, నేను చేతి సైగలు మొదలుపెట్టాను. మనిషికి వినబడదని ఒకసారి అనుకున్నాక అతనికి చెప్పడం కూడా క్రమంగా తగ్గిపోతుంది. మా బిడ్డ పదో తరగతి పాసైన రోజు వీధంతా మిఠాయి పంచాం. బాపు చేతిలోనూ ఒక ముక్క పెట్టాం. అది నోట్లో వేసుకోకుండా చాలాసేపు అలాగే పట్టుకుని, ఇది దేనికి అని నా భార్యను మెల్లగా అడిగాడట. అది విని కూడా నాకు బుద్ధి రాలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. బాపుకు మంచే చేస్తున్నాననుకుని, మామ బజారులో కనబడితే, బాపుకు చెవులు సరిగ్గా పనిచేయడం లేదు, కొంచెం చూసుకోమని చెప్పాను. మామ కూడా మంచి మనసుతోనే, ఆ శనివారం గుడిలో స్తంభం పక్కన బాపుకు కుర్చీ వేయించి, మీద శాలువా కప్పించి, తాళాలు వేరొకరికి ఇచ్చాడు. మండలి వాళ్లంతా చాప మీద కూర్చుని పాడుతుంటే బాపు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. తరువాతి శనివారం ఆటోవాడు వచ్చి హారన్ కొడితే, మోకాళ్లు నొస్తున్నయని చెప్పి పంపించేశాడు. ఆ తరువాత ఆటోవాడే రావడం మానేశాడు. అట్లా నాలుగైదు నెలలు గడిచిపోయాయి.

ఆ మధ్యనే ఎడపల్లి దగ్గర కాలువ కింద వ్యవసాయం చేసుకునే గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు ఒకాయన కొత్తగా హెచ్‌డీ టీవీ కొని, బిగించడానికి నన్ను పిలిచాడు. టీవీలు పలచబడ్డకొద్దీ వాటి గొంతు కూడా సన్నబడిందనీ, పెద్ద స్పీకర్లు పెట్టుకుంటే బాగుంటుందనీ నేను చెప్పాను. వైర్లలో మామూలు రకం ఒకటి, పిన్నులకు బంగారు పూత ఉన్న రకం ఒకటి ముందుంచాను. "అంత పెట్టి టీవీ కొని, తీగ దగ్గర కక్కుర్తి దేనికండీ" అని ఆయన బంగారు పూత వైపే చూపించాడు. ఆ రోజు వాళ్లింట్లో బొమ్మ చూశాను. వార్తలు చదివే అమ్మాయి చెవి కమ్మలో రాయి రంగు కూడా తెలుస్తోంది. ఇంటింటికీ తిరిగి ఇలాంటివి బిగించే నేను, నా ఇంట్లో మాత్రం డబ్బా టీవీ పెట్టుకున్నానని సిగ్గేసింది.

ఆ తరువాతి ఆదివారమే మా ఇంటికీ హెచ్‌డీ వచ్చింది. బొమ్మకు హెచ్‌డీఎంఐ వేసి, శబ్దానికి మాత్రం దుకాణంలోని పాత ఆంప్లిఫయరూ రెండు స్పీకరు డబ్బాలూ తెచ్చి అల్మారాకు అటొకటి ఇటొకటి పెట్టాను. ఈసారి రంధ్రాలు రెండున్నాయి కనుక తెల్లదీ ఎర్రదీ రెండూ గుచ్చాను. అన్నీ బిగించేసరికి సాయంత్రం ఆరయింది, బాపు ఛానెల్ పెట్టాను.

ముందు పాడేవాడు ఎడమ డబ్బాలోంచి ఒక చరణం పాడాడు. కుడి డబ్బాలోంచి పదిమంది ఒక్కసారిగా అందుకున్నారు.

వంటింట్లోంచి నా భార్య గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, గీళ్లందరు ఇన్నొద్దులు యాడున్నరు అంది. నేను కుడి పక్క ఎర్ర వైరు లాగేశాను. వంత పోయింది, ఎక్కడో గోడవతల సన్నగా మిగిలింది. మళ్లీ గుచ్చాను, వచ్చింది. పల్లెల్లో ఆ భజనలు తీసినవాళ్లు ముందు పాడేవాడికి ఒక మైకు, వంతవాళ్లకు ఒక మైకు పెట్టి, ఒకదాన్ని ఎడమ పక్కకు, ఇంకొకదాన్ని కుడి పక్కకు, కలపకుండా అలాగే వదిలేశారన్నమాట. ఇన్నాళ్లూ ఆ పదిమందినీ మా ఇంట్లోకి రానివ్వకుండా నోటికి టేపు చుట్టింది నేనే.

బాపు కళ్లు తెరవలేదు. తొడ మీద వేళ్లతో తాళం వేస్తూ వాళ్లతో కలిపి వంత పాడుతున్నాడు. పాట అయ్యాక దగ్గరికి పోయి, తప్పు నీ చెవులది కాదు బాపూ, నేను పెట్టిన వైరుది అని చెప్పాను. ఆయన కోప్పడలేదు, నా తల మీద చెయ్యి వేశాడు.

"వైరు తప్పైతె వైరు మార్సినవ్ బిడ్డా. నాకు చెవుల్లేవని మీ మామకు చెప్పినవ్ గద, గది ఎట్ల మారుస్తవ్?"

ఆయనకు తెలుసన్న సంగతే నాకు తెలియదు. ఆ శనివారం నేనే బాపును వెంటబెట్టుకుని గుడికి పోయి, చాప మీద అందరూ కూర్చున్నాక చేతులు కట్టుకుని నిలబడి జరిగిందంతా చెప్పాను. నవ్వేవాళ్లు నవ్వారు. మామ లేచి ఆ కుర్చీని తనే మడిచి గోడకు ఆనించి, తాళాలు తెచ్చి బాపు చేతిలో పెట్టాడు. మొదటి పాటకు బాపు గొంతు కొంచెం వణికింది, రెండో పాటకు కుదురుకుంది. తరువాత కొన్నాళ్లు నేను తీరిక దొరికినప్పుడల్లా పాత ఇళ్లకు పోయి, రెండు వైర్లను ఒకటిగా కలిపే చిన్న పిన్ను పెట్టి వచ్చేవాణ్ణి. పోయిన ప్రతి ఇంట్లోనూ ముందు ముసలివాళ్లనే అడిగేవాణ్ణి, మీకేం వినబడడం లేదని.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నాలుగేళ్ల తరువాత ఒక శనివారం బాపును తీసుకురావడానికి గుడికి కొంచెం ముందే పోయాను. బాపు నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పాటకూ పాటకూ మధ్య బాపూ అని పిలిచాను. పలకలేదు. దగ్గరికి వచ్చి గట్టిగా పిలిచాను. అందరూ తిరిగారు, ఆయన తిరగలేదు. మళ్లీ పాట మొదలైంది, వంత దగ్గర బాపు గొంతు అందరితో పాటే లేచింది. అప్పుడు చూశాను, ఆయన కళ్లు మామ పెదవుల మీదా తాళం వేసే చేతుల మీదా ఉన్నాయి. భజన అయ్యాక మామ నన్ను చెప్పుల దగ్గరికి తీసుకుపోయాడు.

"ఏడాదైంది అల్లుడా, ఏం వినపడ్తలేదు. నీకు చెప్పద్దని ఒట్టేయించుకుండు. మేమే జర నిమ్మలంగ పాడుతున్నం."

ఇంట్లోనూ ఇన్నాళ్లు మా పెదవులు చూసే మాటలు పట్టుకున్నాడన్నమాట. చెవులు ఉన్నప్పుడు లేవని ఊరంతా చాటింది నేనే కనుక, నిజంగా పోయినప్పుడు ఆయన నాకు చెప్పుకోలేకపోయాడు. ఇన్నేళ్లయినా ఆ బాధ నాకు తీరలేదు. ఆటోలో పక్కన కూర్చుని నేను ఆ మాట ఎత్తలేదు. ఇంటికి వచ్చాక మాత్రం, ఏం చెప్పినా ఆయన ఎదురుగా, నా ముఖం వెలుతురులో ఉండేటట్టు కూర్చుని, మెల్లగా చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయన పోయేదాకా అట్లాగే గడిపాం.

ఇప్పుడు మామ లేడు, ఆ మండలిలో మిగిలింది ముగ్గురో నలుగురో. శనివారం సాయంత్రం ఎవరో ఒకరు ఫోన్‌లోంచి గుడి స్పీకర్లకు భజన కలుపుతారు. కుడీ ఎడమా ఏ లోపమూ లేదు, తాళం చప్పుడు ఎంత స్పష్టమంటే పక్కన కూర్చుని వేసినట్టుంటుంది. రెండు మూడు సార్లు పోయి కూర్చున్నాను, విన్నాను, బాగానే ఉంది. ఆ పాట ఎవరు కలిసినా, కలవకపోయినా తన పాటికి తాను సాగిపోతుంది. వినబడని ఒక్క మనిషి కోసం పదిమంది తమ పాటను నెమ్మది చేసుకున్న ఆ శనివారాలు నాకు మళ్లీ ఎక్కడా కనబడలేదు.